కన్నం పెట్టని రెండు పెట్టెలు

1986 మార్చి మూడవ తేదీన మా పడవల మరమ్మతు శాలలో రేకు కోసే పనివారిగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీ లోవ్రె స్క్రాచిన్ గారిపై నాకొక ఫిర్యాదు ఉన్నది. అభినందన సంచికలో ఫిర్యాదేమిటని సంపాదకులు గొణిగారు. నన్ను రాయమన్నప్పుడే వారు ఆలోచించుకోవలసింది.

తొలినాళ్ళలో ఆయన ఇంధనపు తొట్లు చేశారు. తొంభైలలో వచ్చిన యుద్ధకాలంలో పడవలు రాకపోతే పొయ్యి గొట్టాలు చేసి శాలను నిలబెట్టారు. ఆ తరువాతనే, తెరచాప పడవలను మోసే ట్రెయిలర్లకు అల్యూమినియం సామాను పెట్టెలు కట్టే పనికి శ్రీకారం చుట్టి, మూర్తెర్ దీవి నుండి జాదర్ నగరం వరకు కీర్తి గడించారు. కొలతలు తీసే ముందు యజమాని చేత తాళ్ళు, లంగరు, తెరచాప సంచి అన్నీ నేల మీద పరిపించి, “వైన్ బుడ్డి ఏదయ్యా? దానికి చోటు లేనిది అదేం పెట్టె?” అని అడగడం వారి అలవాటు. ఎనిమిదో తరగతితో బడి వదిలేసిన నాకు రేకు మడవడం నేర్పినదీ, నేను పెడసరంగా మాట్లాడినప్పుడల్లా చేతిలో అత్తిపళ్ళు పెట్టి నోరు మూయించినదీ వారే.

2004లో, మా నాన్న మిగిల్చిన ఆలివ్ తోటను తాకట్టు పెట్టి నేనొక పాత తెరచాప పడవ కొన్నాను. వేసవిలో యాత్రికులను తిప్పి బాకీ తీర్చుకుందామని ఆశ. దాని ట్రెయిలర్‌కు ఇరుపక్కలా రెండు పొడవాటి పెట్టెలు లోవ్రె గారు కానుకగా కట్టి ఇచ్చారు. నీటిలో దిగే పెట్టెకు అడుగున కన్నాలుండాలి. లేకుంటే లోపలి గాలి దానిని తేలుస్తుంది. ఈ సంగతి మాకందరికీ చెప్పినది వారే. అయినా నా పెట్టెలకు మాత్రం కన్నాలు పెట్టక, రబ్బరు పట్టీలు బిగించి, చుక్క నీరు చొరకుండా మూశారు. గురువు చేసిన పనిని తిరగేసి చూసేవాడెవడు?

పడవను నీటిలోకి వదలడానికి రేవులో వెనక్కి దింపగానే ట్రెయిలర్ తోక తేలింది, పక్కకు తిరిగింది. పడవ రాతిగట్టు మీదికి ఒరిగి పొట్ట చీలింది.

“బార్బా, నీ పెట్టెలు నా పడవకన్నా బాగా తేలుతున్నాయి,” అన్నాను. మా తీరంలో పెద్దవారిని బార్బా, అంటే బాబాయ్, అని పిలుస్తాం.

మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఆయన, “నీదని ప్రాణం పెట్టి మూశానురా. ఇంకెవడిదైనా అయితే కన్నం పెట్టేవాణ్ణి,” అన్నారు.

ఆ వేసవి సంపాదన లేదు, తోట బ్యాంకు పాలయింది. తన ద్రాక్షతోట రాసిస్తానని ఆయన, భార్య తెరేజా గారితో కలిసి మా ఇంటికి వచ్చారు. ఆ ద్రాక్షతో చేసిన వైన్ నువ్వే తాగలేవు, నాకెందుకని పంపేశాను.

నాటి నుండి ఏ పెట్టె పూర్తయినా దానిని బోర్లించి, “ఒరేయ్ షిమె, వచ్చి చూసుకో,” అని పిలిచేవారు. వెళ్ళి కన్నాలు చూసి తిరిగి వచ్చేవాడిని. ఇకమీదట ఆ పిలుపు ఉండదు.

లోవ్రె గారు తెరేజా గారి తోడుతో, కీళ్ళనొప్పులు దరిచేరకుండా, నిండు నూరేళ్ళు సుఖంగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. ఆ రేవులో నేను పోగొట్టుకున్నది పద్నాలుగు వందల ఇరవై చదరపు మీటర్ల ఆలివ్ నేల మాత్రమే.