పేజీ అడుగున పేరు

రేపు పొద్దున కాలేజీ సిబ్బంది అంతా కూర్చుని చేతులెత్తి తేల్చేస్తారు, రాజనీతి శాఖ విడిగా ఉండాలా, చరిత్ర శాఖలో కలిసిపోవాలా అని. కలిసిపోతే రాజనీతి మేష్టారికి గది పోతుంది, తలుపు మీద బోర్డు పోతుంది, పెట్టే బేడా సర్దుకుని ఇంకో ఊరి కాలేజీకి పోవాలి. అందుకే ఇవాళ గేటెదురు టీకొట్టులో చరిత్ర మేడంనీ, లెక్కలాయన్నీ కదలనివ్వకుండా కూర్చోబెట్టాడు.

బల్ల చివర లైబ్రేరియన్ ఉన్నాడు. మేష్టారి భార్యకు తమ్ముడు. బావ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తేలతాడో ఎరిగినవాడు. ఇవాళ మాత్రం ఏమైనా సరే బావను నేలమీదికి దించాలని గట్టిగా అనుకునే వచ్చాడు. బావ ఊరు మారితే అక్కా మారాలి మరి.

“నేను రాసింది ఒక్క వ్యాసమే అనుకోండి,” అన్నాడు మేష్టారు గ్లాసు పక్కన పెట్టి. “మునిసిపల్ కౌన్సిల్ మీటింగులో గోడవార కూర్చుని ఎవరు ఎప్పుడు చెయ్యెత్తుతున్నారో చూశా. చూసింది రాశా. చిన్న పత్రికలో వేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పకుండా ఎలా తెలుస్తుంది?” అన్నాడు లెక్కలాయన.

“సముద్రాల అవతల ఓ ప్రొఫెసరు తన పుస్తకంలో, పేజీ అడుగున, చిన్నక్షరాల్లో నా పేరు వేసుకున్నాడు. దాన్నే సైటేషన్ అంటారు. ఆయన వేశాడని ఇంకొకాయన, వెయ్యకపోతే చదవలేదనుకుంటారేమోనని మరొకాయన, అలా ఊళ్లకు ఊళ్లు అంటుకుపోయింది. సైటేషన్లు లెక్కపెట్టే కంప్యూటరు వేడెక్కిపోతే తడిగుడ్డ కప్పారట. ఒకాయనకు ఒళ్లు మండి, నాదంతా తప్పని ఇంత లావు పుస్తకం రాశాడు. తప్పని చెప్పాలన్నా పేజీపేజీకీ నా పేరు వెయ్యాలి కదా? తిట్టినా లెక్కలోకే వస్తుంది. ఆ పుస్తకంతో నేనెక్కడికో వెళ్లిపోయాను, ఆయన ఉద్యోగం మానుకున్నాడు.”

“పాపం,” అంది మేడం వాచీ చూసుకుంటూ.

“ఆగండి మేడం, అసలు సంగతికి ఇంకా రాలేదు. ఒక దేశంవాళ్లు కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. ప్రతి వాక్యం అడుగునా నా పేరే. అడుగు పెరిగి పెరిగి పైన వాక్యానికి చోటు లేకుండా పోయింది. చివరికి వాక్యాలు తీసేసి అడుగు మాత్రమే అచ్చేశారు. పాలన బ్రహ్మాండంగా సాగుతోంది.”

“వాక్యాలు లేకుండానా?”

“లేవు కాబట్టే. ఇక దేన్ని ఉల్లంఘిస్తారు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్లకీ పక్క దేశానికీ యుద్ధం వచ్చింది. సేనాపతులిద్దరూ ఎదురుపడి, తుపాకులు ఎత్తబోతూ, ఇద్దరూ నా వ్యాసమే చూపించారు. పేజీ నంబరు దగ్గర మాటామాటా వచ్చింది. తేల్చుకుందామని రెండు సైన్యాలూ లైబ్రరీకి పరిగెత్తాయి. లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదు కదా. అరవలేక, కాల్చలేక, సంధి మీద సంతకాలు పెట్టి చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చారు.”

“ఏ లైబ్రరీ బావా?” అన్నాడు లైబ్రేరియన్ మెల్లగా.

“ఏదైతేనేంరా, నా వ్యాసం లేని లైబ్రరీ ఎక్కడుంది?”

“మన దాంట్లోనూ ఉంది. నేనే బీరువాలో పెట్టాను. ఆ పత్రికవాళ్లది పాత పద్ధతి. కాగితాల మడతలు విడదీయకుండానే పంపుతారు, చదివేవాడే కత్తి పెట్టి విడదీసుకోవాలి. నీ ముందు వ్యాసం ఎవరో విడదీశారు. నీ వెనక వ్యాసమూ విడదీశారు. నీది వచ్చింది వచ్చినట్టే ఉంది బావా.”

లెక్కలాయనకు టీ పొలమారింది. మేడం పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

“రాసిన మీరైనా విడదీయలేదా?”

“నేను రాసిందే కదా మేడం. నాకెందుకు?” అన్నాడు మేష్టారు. గొంతు సగానికి తగ్గింది.

“అయితే చెప్పండి. ఆ మీటింగులో అసలు మీరేం చూశారు?”

మేష్టారు మళ్లీ సముద్రం దాటబోయాడు. బావమరిది కళ్లెర్రజేసి తల అడ్డంగా ఊపాడు. ఇవాళ వదిలేది లేదన్నట్టు బల్లకు చేతులు ఆనించి ముందుకు వంగాడు.

“ఒకావిడ అందరితోపాటు చెయ్యెత్తింది,” అన్నాడు మేష్టారు చివరికి. “ఎత్తి, మళ్లీ దించేసింది. అంతమందిలో ఆవిడొక్కతే. తీర్మానం నెగ్గింది లెండి. బయటికొచ్చాక ఎందుకు దించారని అడిగా. అర్థం కాకముందు ఎత్తాను, అర్థమయ్యాక దించాను, అంది. నా వ్యాసమంతా ఆ మాట మీదే. చెయ్యెత్తమనే ముందు మనుషులకు అర్థం చేసుకునే టైమిస్తున్నామా అని.”

లెక్కలాయన నవ్వు ఆపేశాడు. లేవబోయిన మేడం సంచీ మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. రాజనీతి శాఖ కలిసేది ఆవిడ శాఖలోనే, పెద్దరికం దక్కేది ఆవిడకే. కాసేపు గేటు వైపు చూసింది.

“రేపు చేతులెత్తమనే ముందు ఈ మాట చెప్పండి,” అంది.

“చెబుతాను. కూర్చోమన్నా కూర్చోను.”

“చెప్పండి. నేనూ వింటాను. ఆ సైన్యాల్ని మాత్రం ఇంటిదగ్గర దించి రండి.”