కంప్యూటర్ నొసట బొట్టు

కదలొద్దంటరు. లేవొద్దంటరు. తలుపు పెట్టుకొమ్మంటరు, ఎవ్వలతోని మాట్లాడొద్దంటరు. అన్నిటికి సరే అన్న గద సారూ, ఇంకా గా మొఖమెందుకు గట్ల పెట్టిన్రు?

గంట దాటింది, ఒక్కతీరుగ కూసున్న. డిజిటల్ అరెస్టు అన్నరు, అయిత అరెస్టు అన్న. ఢిల్లీ నుంచి గంత పెద్దాఫీసరు, కోరుట్లల బ్లౌజులు కుట్టుకునే భూదేవిని వెతుక్కుంట వచ్చిండంటె చిన్న ముచ్చటనా? మా వాడకట్టుల ఎవ్వలకన్న వచ్చిందా గీ భాగ్యం?

ఏందీ? నవ్వుతున్ననా? నవ్వుతలేను సారూ. నా గొంతే గట్లుంటది.

ఒక్కటి అడుగుత, ఏమనుకోకుండ్రి. గిది కొత్తగ వచ్చిన శిక్షనా? ఒక్క అర్రల కూసో, బయటికి పోకు, పక్కింటోళ్లతోని మాట్లాడకు, ఎవ్వలొచ్చినా తలుపు తియ్యకు, అడిగితె తప్ప నోరు తెరవకు, తప్పు నీదే, ఏం తప్పో తర్వాత చెప్త. అగో, గివన్ని నాకు పెండ్లయిన నాడే చెప్పిన్రు సారూ! మా అత్త వెంకటవ్వ చెప్పింది. ఆమెకు యూనిఫారం లేకుండె, మీకున్నది. గంతే ఫరకు. నాకు ఇరవై ఆరేండ్ల అనుభవమున్నది. మీరే నిన్న మొన్న షురూ చేసినట్టున్నరు.

సరే సరే. కేసు ముచ్చటే మాట్లాడుకుందాం.

నా పేరు మీద బ్యాంకాక్‌కు పార్సిల్ పోయింది, అండ్ల మత్తు మందులు దొరికినయి. గంతే గద? సారూ, మా ఆయన వీరేందర్ పదకొండేండ్లు మస్కట్‌ల చేసిండు. ఆయనకు మామిడికాయ తొక్కు పంపాల్నంటె నేనెంత తిప్పలవడేదాన్నో ఎరుకేనా? మస్కట్ పోయేటోడు ఏ ఊర్ల ఉన్నడో కనుక్కొని, వాని భార్యను బతిలాడి, ఆమె అత్తకు దండం పెట్టి, నూనె కారకుంట ఏడు కవర్లు చుట్టి ఇచ్చేదాన్ని. ఐనా సగం ఏర్‌పోర్టుల్నే పారేసేటోళ్లు. తొక్కు దాటించరాని దాన్ని మత్తు మందులు దాటించిన్ననా? గంత తెలివి నాకున్నదని మీరన్న గుర్తువట్టిన్రు. మా ఇంట్ల ఇప్పటిదాంక ఒక్కలు గుర్తువట్టలే.

మీరు ఏసుకొమ్మన్న గా యాప్ ఏసుకుంటనే ఉన్న సారూ. నెట్టు మెల్లగ వస్తున్నది. తెర మీద గుండ్రం తిరుగుతనే ఉన్నది.

టిక్కు టిక్కు సప్పుడా? గోరుచిక్కుడుకాయ తుంపుతున్న. చేతులు ఊకె ఉంటె నాకు తోచది.

కుట్టుపని చేసేదానికి కంప్యూటరెందుకంటరా? మీరు గూడ గదే అడుగుతరా! అందరు అడిగిందే. ఎందుకంటె, గిరాకోళ్లు ఫోన్ల ఫొటో పట్టుకొని వస్తరు. "అక్కా, వీపుకు గీ డిజైనే కావాలె" అంటరు. చూస్తె గోరంత. అండ్ల దారమేదో, పూసేదో ఎట్ల కనవడాలె? పెద్ద తెర కావాలన్న. ఇంట్ల లొల్లి. "మిషన్ తొక్కేదానికి కంప్యూటరెందుకే?" అన్నడు మా ఆయన. "సెంట్రింగు చేసొచ్చినోనికి గోడంత టీవీ ఎందుకయ్యా?" అన్న. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు జగిత్యాల బస్సెక్కినం.

దుకాణపాయన నా దిక్కు చూస్తెనా! "బాబు ఏం చదువుతడు?" అన్నడు. బాబు లేడు, బిడ్డ సుస్మిత, కరీంనగర్‌ల నర్సింగు చదువుతది అన్న. "ఓ, పాపకా." పాపకు గాదు, నాకు అన్న. "ఓ, అన్నకా" అని మా ఆయన దిక్కు తిరిగిండు! మూడుసార్లు చెప్పిన సారూ, ఆయన చెవికెక్కలే. వివరమంత మా ఆయనకే చెప్పిండు. మా ఆయనకు అండ్ల ఒక్క ముక్క ఎక్కలే గని, వ్రతం కథ విన్నట్టు తల ఊపుకుంట నిలవడ్డడు. ఇగ నేను నడిమిట్ల దూరి, "ఖరాబైతె మీరు ఇంటికొచ్చి చేస్తరా, మేము మోసుకరావాల్నా? ఎస్ఎస్‌డీ ఉన్నదా, పాతది అంటగడుతున్నరా?" అన్న. బిడ్డ ఫోన్ల చెప్పంగ రాత్రంత బట్టీ పట్టిన. ఇద్దరు ఒక్కసారే నా దిక్కు తిరిగిన్రు. గోడ మీద బల్లి మాట్లాడితె ఎట్ల చూస్తరు? గట్ల.

ఇంటికొచ్చినంక బిడ్డనే వచ్చి అన్ని పెట్టిచ్చింది. పాస్‌వర్డు పెట్టి, "అమ్మా, ఎవ్వలకు చెప్పకు, యాడ రాయకు" అన్నది. మా ఆయన ఊకుంటడా? స్కెచ్ పెన్ను తీసి, తలుపు పక్క గోడ మీద, గ్యాసు బండ నెంబరు కింద, బారెడు అక్షరాలతోని రాసిండు. మా ఇండ్లల్ల గోడనే గద డైరీ. పాలోడు చదివిండు, కేబులోడు చదివిండు. "ఇంట్ల దాపరికమేందే?" అంటడు. నేను గమ్మున మార్చేసిన. గోడ మీద పాతదే ఉన్నది. మా ఆయన ఒక్కనాడు కొట్టి చూడలే, ఐనా పొద్దున లేవంగనే గోడ దిక్కు చూసి నిమ్మళపడుతడు. పడనియ్యుండ్రి, పాపం.

గని ఒక్క మాట గట్టిగ అన్నడు సారూ. "దీని వల్ల ఒక్క మోసం ఇంటి మీదికి వచ్చిందా, తెచ్చినకాడ్నే పారేసి వస్త" అని. ఊకె అన్న మాట గాదది. మా ఆడిబిడ్డ లత ఉన్నది, మెట్‌పల్లిల. పోయినేడు ఆమెకు గూడ ఒక ఆఫీసరు గిట్లనే ఫోను చేసిండు. ఉన్నదంత ఊడ్చి ఇచ్చింది. మల్ల ఆ దొంగను ఎవ్వలన్న తిట్టిన్రా? తిట్లన్ని లతకే! మొగడు తిట్టిండు, మరిది తిట్టిండు, కొడుకు శ్రవణ్ ఫోను గుంజుకున్నడు. గిప్పుడు ఆమె చేతిల బటన్ల ఫోనున్నది. అండ్ల మూడే నెంబర్లు. మూడూ మొగోళ్లయే.

గందుకే, "ఈ విషయం మీ భర్తకు తెలియకూడదు" అని మీరన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను మొక్కుకున్నది గూడ గదే. ఆయనకు తెలిస్తె నా కంప్యూటర్ పోతది.

ఆఁ, కంప్యూటర్ వచ్చిన నాటి ముచ్చట ఒక్కటి మరిచిన. ఇది వినుండ్రి, మీకు పనికొస్తది.

ఇంటికి ఏ మిషన్ వచ్చినా మేము బొట్టు పెడుతం. కుట్టుమిషన్‌కు పెట్టినం, బండికి పెట్టినం, ఫ్రిజ్‌కు పెట్టినం. మరి కంప్యూటర్‌కు నొసలు యాడున్నది? చూస్తె, తెర పై అంచుకు సరిగ్గ నడిమిట్ల, జొన్నగింజంత గాజుచుక్క! బొట్టు కోసమే జాగ ఇడిసినట్టున్నది. కంపెనోడు ఎంత బుద్ధిమంతుడో అనుకున్న. పసుపు నూనెల కలిపి రాసి, దాని మీద కుంకుమ గట్టిగ అద్దిన. ఎండి పెచ్చు కట్టింది.

గదే కెమెరా అని నాకేం ఎరుక?

మొన్న బిడ్డ వీడియో కాల్ చేసి, "అమ్మా, నువ్వేది? అంత ఎర్రగున్నది" అని ఒక్కటే ఒర్రుడు. తుడుస్త అన్న గని, పెట్టిన బొట్టు తుడవబుద్ధి కాలే.

అర్థమైతున్నదా సారూ?

మొదలు భయపడ్డ, అబద్ధమెందుకు. పగటికి అన్నం తిని చెయ్యి కడుగంగనే మీ ఫోను. కంప్యూటర్ల లింకు తెరవమన్నరు, బుద్ధి లేక తెరిచిన. యూనిఫారం, వెనుక జెండా, బల్ల మీద ఫైళ్లు. కొంగు నిండ కప్పుకొని, చేతులు కట్టుకొని కూసున్న. మీరేమన్నరు? "మీ వైపు ఎర్రగా వస్తోంది. అయినా మా డిపార్ట్‌మెంటు కెమెరాలో మీరు స్పష్టంగా కనబడుతున్నారు. ఏడవకండి మేడం." టీవీల వార్తలు చదివినట్టు అన్నరు.

ఏడవకండి! నేను ఏడుస్తలేను సారూ. పక్కింటి తాలింపు ఘాటుకు తుమ్మి ముక్కు తుడుసుకుంటున్న.

గప్పుడు అనుమానం పురుగు తొలిచింది. మెల్లగ నాలుక బయటవెట్టిన. "అట్లా తల దించుకొని కూర్చోండి, మంచిది" అన్నరు. లేచి నిలవడ్డ. "కూర్చున్నచోటే ఉండండి" అన్నరు. ఇగ నేనాగుతనా? వంటింట్లకు పోయి పాలు దించొచ్చిన. వచ్చి, మీ ముంగట్నే, కుర్సీ సుట్టు తిరుక్కుంట బతుకమ్మ ఆడిన! సప్పట్లు వినవడుతయని చేతులు గాల్లెనే కొట్టిన. నాలుగు సుట్లు తిరిగి, ఆయాసంతోని కూసుంటె మీరేమన్నరు? "మీ భయం మాకు అర్థమైంది."

నోట్లె కొంగు కుక్కుకున్న సారూ. లేకుంటె నవ్వు వీధి దాక వినవడేది.

అసలు మేడం అన్నప్పుడే నాకు తెల్వాల్సింది. నన్ను మేడం అన్న మొగోడు నా జన్మల ఇంకొకడు లేడు.

ఆగాగు, పెట్టెయ్యకు! ఇగ నిన్ను మీరనుడు నాతోని గాదు గని, పెట్టెయ్యకు. పాస్‌బుక్కు నా ఒళ్లెనే ఉన్నది, అగో, కాయితాల సప్పుడు వినవడుతలేదా?

అబ్బ, గొంతు పెంచినవ్. పోలీసు బండి బయలెల్లిందా? కోరుట్లకా? రానీ. చాయ్ పెడుత. గొంతు పెంచినవంటె ఇంకా ఆశ చావలేదన్నట్టు. నువ్వు జర్ర గట్టిగ ఒర్రితె నేను మల్ల వణుకుతనని నీ లెక్క. నీ లెక్క తప్పేం గాదు, ఆడోళ్ల మీద ఎక్కడ చూసినా గదే లెక్క నడుస్తది.

గా టిక్కు టిక్కు చిక్కుడుకాయ తుంపుడు గాదు బిడ్డా, మీటల సప్పుడు. నీ మొఖాన్ని గుంజి గుంజి అగ్గిపెట్టెంత చేసి మూలకు తోసిన. పక్కపొంటి సైబర్ పోలీసోళ్ల ఫిర్యాదు ఫారం తెరిచిన. వాళ్ల పంతొమ్మిది ముప్పై నెంబరుకు ఫోను చేద్దామంటె నువ్వు వింటవు. గందుకే రాస్తున్న. రెండు వేళ్లతోని కొట్టాలె, ఒక్కొక్క అక్షరం దేవులాడాలె, గందుకే గిన్ని ముచ్చట్లు. నీ నెంబరు పెట్టిన, నీ లింకు పెట్టిన, నీ ఫొటో గూడ తీసిన. ఒక్క మీట నొక్కితె తెరంత ఫొటో వస్తదని బిడ్డ నేర్పింది. నోరు తెరిచినప్పుడు పడ్డది, మంచిగ లేదు. సరిగ్గ కూసో, ఇంకోటి తీస్త.

ఇగ ఒక్క మీట మిగిలింది. పంపుడు మీట.

నొక్కుతలేను. ఎందుకంటవా? నీకు భయపడి గాదు. పంపితె పోలీసోళ్లు మల్ల ఫోను చేస్తరు, మాట్లాడుతరు, ఇంట్ల తెలుస్తది. మా ఆయన లైనింగు బట్ట తేను సిరిసిల్ల పోయిండు, వచ్చే యాల్లనే. వచ్చి ఏమంటడో నాకెరుకే. "చెప్పిన్ననా లేదా?" అంటడు. కంప్యూటర్ వచ్చిన అట్టడబ్బ పారెయ్యనియ్యలే ఆయన. మడత పెట్టి అటక మీద దాచిండు. ఎందుకు దాచిండో ఇద్దరికి ఎరుకే. నేను మోసపోలే గద? ఐనా సరే. మా ఇంట్ల మోసపోతె ఒక తిట్టు, మోసపోకుంటె ఇంకో తిట్టు.

నోరు మూసుకొని గిప్పుడు పెట్టేస్తె ఎవ్వలకు తెల్వది. నా కంప్యూటర్ నాకుంటది, నా డిజైన్లు నాకుంటయి. నువ్వు గూడ ఖుషీ. చాయ్ తాగి, రేపు ఇంకో లతకు చేస్తవు. ఆమె కెమెరాకు బొట్టు ఉండదు.

థూ. ఎంత చెడ్డ ఆలోచన వచ్చిందే నాకు.

అగో, బండి సప్పుడు. మా ఆయనే.

నొక్కిన.

పోయింది! "మీ ఫిర్యాదు నమోదైంది" అని వచ్చింది. కింద నెంబరు గూడ ఇచ్చిన్రు. ఫిర్యాదుదారు: భూదేవి. ఫోను కాడ నా నెంబరే రాసిన, ఆయనది గాదు. ఎంత మంచిగున్నదిరా నా పేరు, పెద్ద తెర మీద!

ఏమయ్యో! బట్ట ఆడ పెట్టి ఇటు రా. ఒక దొంగాయన లైన్ల ఉన్నడు, నేను పట్టుకున్న. ఆఁ, కంప్యూటర్ల్నే. లొల్లి తర్వాత పెట్టుదువు గని ముందుగాల వచ్చి చూడు. డబ్బ గిబ్బ అన్నవంటె మంచిగుండది, చెప్తున్న. దాంతోపాటు నన్ను గూడ మడత పెట్టాల్సి వస్తది!

కాళ్లు కడుక్కుంటున్నడు. గునుసుకుంటనే ఉన్నడు. ఫిర్యాదు వాపసు తీసుకుంటనేమోనని ఇంకా లైన్లనే ఉన్నట్టున్నవ్, మనకు రెండు నిమిషాలున్నయి సారూ. ఫారంల రాయని ముచ్చట ఒక్కటున్నది, నీకే చెప్త.

ఫారం నింపుడు ఎప్పుడో అయిపోయింది. రెండు వేళ్లయినా గింత సేపు పడుతదా? మీట దగ్గర ఆగింది భయంతోని సగమే. మిగిలిన సగం, నా మాట నడిమిట్ల కొయ్యకుంట గంటన్నర విన్న మొగోడు నాకు ఇప్పటిదాంక తగలలే. నువ్వొక్కనివే విన్నవ్, గది గూడ పైసలకోసం.

ఏం చేస్తం మరి. దొరికిన చెవికే చెప్పుకున్న.