మేడ మీది మక్కగింజలు

నా పేరు ప్రమోద. భర్త పేరు రాజనర్సయ్య. నా వయసు నలభై రెండు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో, భానుచందర్ వాళ్ళ నాన్నగారి ఇంట్లో పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. ఎస్సై ధాత్రి మేడమ్ అడగగా, నాకు తెలిసినది నా ఇష్టంతోనే చెబుతున్నాను.

జూన్ చివర్లో సనత్‌నగర్‌లో కోళ్ళు పెంచే ఒకామె దగ్గర, ఇంకా గుడ్లకు రాని నాలుగు చిన్న పెట్టలను కొన్నాను. కోళ్ళను పెంచడం నాకు ఇదే మొదలు. రోజంతా మిషన్ ముందు ఒక్కదాన్నే కూర్చుంటాను. ప్రాణమున్నవి ఏవైనా కాళ్ళ చుట్టూ తిరిగితే బాగుంటుందనిపించింది. మేడ మీద నీడ పడే మూల గూడు పెట్టించాను.

అమ్మినామె నాకు గట్టిగా చెప్పింది. "కొత్త జాగ గదా, వారం దాకా గూట్లకెల్లి ఇడువకు. పొడి దాణానే పెట్టు. గింజలు ఇప్పుడే వెయ్యకు, ఇసుక తినుడు అలవాటు గాకముందు అరగయ్. పెట్టే చెయ్యి ఒక్కటే ఉండాలె. అప్పుడే మచ్చికైతయ్."

అలాగే చేశాను. మొదట్లో నన్ను చూసినా వణికేవి. దాణా గిన్నె, నీళ్ళ గిన్నె లోపల పెట్టి, దూరంగా కూర్చుని మాట్లాడకుండా గుండీలు కుట్టుకునేదాన్ని. కొన్నాళ్ళకు నా అరచేతిలో తిన్నాయి. నా భర్త వస్తే మాత్రం జాలీకి కొట్టుకునేవి. నీళ్ళ ట్యాంకు చూడడానికి వాచ్‌మన్ శివరాములు వస్తే నాలుగూ ఒకదాని మీద ఒకటి ఎక్కి మూలలో దాక్కునేవి.

వారం దాటాక పగలంతా మేడ మీద వదలడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి సాయంత్రం దాణా ముట్టడం మానేశాయి. జబ్బు చేసిందేమోనని ఎత్తి చూస్తే, మెడ కింద మేత సంచి రాయిలా గట్టిగా ఉంది. ట్యాంకు పక్కన నేల మీద మక్కజొన్న గింజలు కనిపించాయి. మా ఇంట్లో మక్కలు లేవు. మేడ తాళంచెవి నా దగ్గర ఒకటి, శివరాములు దగ్గర ఒకటి, కింద భానుచందర్ ఇంట్లో ఒకటి ఉన్నాయి. నాకు శివరాములు మీదే అనుమానం వచ్చింది.

"కోళ్ళకు మక్కలేస్తున్నవా?" అని అడిగాను.

"నాకేం పనమ్మా? నన్ను జూస్తేనే ఉరుకుతయ్ గదా అవి," అన్నాడు.

నేను నమ్మలేదు. ఉరుకుతాయన్న మాట నిజమే. అయినా నమ్మలేదు.

మొన్న మధ్యాహ్నం పక్క లేడీస్ హాస్టల్‌లో గోల లేచింది. వాళ్ళ బాత్రూమ్ కిటికీలు మా ట్యాంకు వైపే ఉంటాయి. అక్కడ ఉండి చదువుకునే హైందవి, ట్యాంకు వెనక నుంచి ఎవరిదో చెయ్యి ఫోన్ పట్టుకుని ఉండడం చూశానని ఏడుస్తూ చెప్పింది. ముఖం కనిపించలేదంది. మేం మేడ ఎక్కేసరికి ఎవరూ లేరు.

భానుచందర్ అందరి ముందూ శివరాములును చెంప మీద కొట్టాడు. "తాళంచెవి నీ దగ్గర గాక ఎవ్వని దగ్గరున్నదిరా?" అన్నాడు. వాళ్ళింట్లోనూ ఒకటి ఉందని ఎవరూ అనలేదు. "కోళ్ళకు గింజలేసి సుత వెయ్యలేదన్నడు, అబద్ధాలాడతడు," అని నేనే అన్నాను. పోలీసులు శివరాములును ఈ స్టేషన్‌కు తెచ్చారు.

నిన్న పొద్దున భానుచందర్ నాతో పాటు మేడ మీదికి వచ్చాడు. "అక్కా, గీ గూడు తీసెయ్యి. వాసనొస్తుందని అంటున్నరు," అన్నాడు. నేను గూడు తలుపు తీశాను. పరుగెత్తి దాక్కుంటాయనుకున్నాను. నాలుగూ నన్ను దాటి అతని కాళ్ళ దగ్గరికి పోయాయి. చెప్పుల మీద పొడుస్తూ, మెడలు చాచి అతని చొక్కా జేబు వైపు చూశాయి.

"వీటికేమన్న పెడుతున్నవా భానన్నా?" అని అడిగాను.

"నేను మేడ మీదికే రాను గదక్కా," అని కాలితో తోశాడు. తోసినా పోలేదు. మళ్ళీ వచ్చాయి.

మక్కలు వేసే చెయ్యి ఎవరిదో నాకు అర్థమైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బయటికి పొక్కితే భానుచందర్ వాళ్ళు ఇల్లు ఖాళీ చేయమంటారని భయం.

ఈ రోజు మధ్యాహ్నం, జాకెట్లు ఇవ్వడానికి పంజాగుట్ట పోతున్నానని భానుచందర్ వాళ్ళ గుమ్మం ముందు గట్టిగా చెప్పి బయటికి పోయాను. గల్లీ చివర మందుల దుకాణం దగ్గర కాసేపు నిలబడి వెనక్కి వచ్చాను. చెప్పులు విడిచి మెట్లెక్కాను. మేడ తలుపు ఓరగా ఉంది. భానుచందర్ ట్యాంకు పక్కన వంగి ఉన్నాడు. ఎడమ చేత్తో గింజలు చల్లుతున్నాడు, నన్ను తప్ప ఎవరిని చూసినా బెదిరే కోళ్ళు కిక్కురుమనకుండా తింటున్నాయి. కుడి చేతిలో ఫోన్, హాస్టల్ కిటికీల వైపు ఉంది.

తలుపు లాగి మెట్ల వైపు గడియ పెట్టాను. ముందు పోలీసులకు, తర్వాత హైందవికి ఫోన్ చేశాను.

లోపలి నుంచి తలుపు కొట్టాడు. "అక్కా, జర తలుపు తియ్యి. కోళ్ళకు మేతెయ్యనీకి వచ్చిన, అంతే." తర్వాత, "రేపటి సంది ఈ ఇంట్ల ఎట్లుంటవో చూస్త," అన్నాడు. గడియ మీది నుంచి చెయ్యి తీయలేదు. పోలీసులు వచ్చాకే తలుపు తీశాను.

శివరాములు ఏ తప్పూ చేయలేదు. అతన్ని వదిలిపెట్టమని కోరుతున్నాను. అతని మీద నేనన్న మాట తప్పు.

హైందవి ఇందాక ఇక్కడి బల్ల మీద నా పక్కనే కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా జరుగుతోంది ఆంటీ?" అని అడిగింది. కోళ్ళు దాణా మానేసిన నాటి నుంచి అని చెప్పగలను. అంతకు ముందు సంగతి చెప్పడానికి మేడ మీద తిరిగే కోళ్ళు లేవు. ఆ అమ్మాయి ఆ హాస్టల్‌లో చేరి రెండేళ్ళయింది.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చూసినదీ, నేను అన్నదీ ఇదే. ఇందులో కల్పించింది ఏదీ లేదని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) ప్రమోద