తెల్లారేసరికి కాసిన బొప్పాయి

ఒకే ఇంటికి మధ్యన గోడ పెట్టుకుని చెరో వాటాలో ఉంటున్న తోడికోడళ్ళు వీళ్ళు. వానాకాలంలో పోయిన మాటలు ఎండలు ముదిరినా తిరిగి రాలేదు. అలాంటిది ఇవాళ పొద్దున్నే చిన్నామె పెద్దామె పెరట్లో తేలింది.

"...అందుకే చెప్తున్నా అక్కా, కాస్త తలెత్తి చూడు. నీ చెట్టు కాసింది!"

"ఏమిటీ?"

"కాయ! బొప్పాయి కాయ! అదిగో, ఆ పూత గుత్తి పక్కన. ఎంత ముద్దుగా ఉందో!"

"ముందు ఇది చెప్పు. నువ్వు నాతో మాట్లాడుతున్నావా?"

"నీతో కాదు, చెట్టుతో... అబ్బ, మాట్లాడుతున్నాలే. ఇంత మంచి కబురుంటే మూతి ముడుచుకుని కూర్చుంటామా?"

"నిన్న సాయంత్రం ఇక్కడ ఊడ్చినప్పుడు లేదే?"

"ఆకు చాటున ఉండి ఉంటుంది."

"చెంబంత కాయ, ఆకు చాటునా?"

"బొప్పాయి కదక్కా, ఎదుగుదల ఎక్కువ. ఇట్టే..."

"ఇట్టే అంటే? తెల్లారేసరికా?"

"నేల మంచిది. నీ చెయ్యి మంచిది."

"నా చెయ్యి మంచిదా! మరి నా నోరు?"

"అదిప్పుడెందుకు..."

"'మా అక్కకి ఫోనెందుకు, కిటికీ తీస్తే చాలు' అనలేదూ మీ అమ్మతో? నా వంటింట్లోకి వినబడేలా?"

"నవ్వులాటకి అన్నాను. నువ్వు మాత్రం? నా తడిబట్టలన్నీ తాడు మీంచి లాగి మెట్ల మీద పడేశావ్."

"కోపం వచ్చింది, పడేశాను. సరేగానీ అడ్డు లే. రంపం పట్టుకుని మనిషి వస్తాడు."

"అదే! రావద్దని చెప్పు. కాయ ఉన్న చెట్టుని ఎవరైనా కొట్టిస్తారా?"

"ఈ చెట్టునే కొట్టిస్తున్నానని నీకెవరు చెప్పారు?"

"నిన్న నువ్వు ఫోన్లో... వినబడింది."

"ఊఁ. వినబడిందన్నమాట."

"వీధంతా వినబడింది."

"సరే, ఆ స్టూలు ఇలా లాగు. కాయని దగ్గరగా చూస్తాను."

"వద్దక్కా! ముట్టుకుంటే రాలిపోతుంది. అసలే నీ మోకాలు..."

"నా మోకాలి సంగతి తర్వాత. ఏమే, తొడిమ దగ్గర ఈ దారమేమిటే?"

"...దారమా?"

"నీలం దారం. ముడి మీద ముడి."

"సాలెపురుగేమో."

"సాలెపురుగు నీలం దారంతో ముళ్ళు వేసిందా! తొడిమ చివర పాలు కారి అట్టకట్టాయి. ఇది కత్తితో కోసిన కాయ. ఎవరింటిది?"

"మా ఇంటిదే."

"ఎప్పుడు కట్టావ్?"

"నువ్వు పళ్ళు తోముకుంటున్నప్పుడు. గోడెక్కి. మేకుకి పట్టి చీర కూడా చిరిగింది. నవ్వకక్కా!"

"నవ్వనా? కడుపు చెక్కలైపోతుంటే! స్టూలు పట్టుకోవే, పడిపోతాను!"

"పట్టుకున్నా. దిగు ముందు."

"ఎందుకే ఈ వేషం? ఇంతవరకు ఒక్క పిందె వెయ్యని చెట్టు. దీని మీద నీకెందుకంత ప్రేమ?"

"నీడ..."

"బొప్పాయికి నీడా!"

"అందంగా ఉంటుంది. ఆ పూత గుత్తులు వేలాడుతూ..."

"నిజం చెప్పు."

"చెప్తే నెత్తినెక్కి కూర్చుంటావ్."

"స్టూలెక్కడమే గగనమైంది. చెప్పు."

"అది మగ చెట్టక్కా. ఎప్పటికీ కాయదు. నావి మూడూ ఆడ చెట్లు. నీ చెట్టు పుప్పొడి గోడ దాటి వస్తేనే నా పిందెలు నిలబడతాయి. దీన్ని కొట్టించావా, వచ్చిన పిందె వచ్చినట్టే రాలిపోతుంది."

"రాలితే రాలనీ. బజార్లో దొరకవా?"

"అలా అనకు! నా చేతిలో ఇంతవరకు ఒక్క మొక్క బతికిందా? గులాబీ పోయింది, కొత్తిమీర పోయింది, ఆఖరికి మనీప్లాంటు కూడా పోయింది. మీ మరిది నన్నెంత ఏడిపిస్తాడో నీకు తెలీదా? వీటిని గింజ నాటి పెంచాను. మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుందని, అంత వానలో గొడుగేసుకుని కాలవ తీశాను. తెల్లపురుగు పడితే ఆకాకూ సబ్బునీళ్ళతో కడిగాను. ఇప్పుడు కాండం నిండా కాయలే. లేవగానే వాటినే చూసుకుంటున్నా. కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటానక్కా."

"మోకాలు వదిలేసి పట్టుకో, నొప్పి. అయినా ఈ మాట తిన్నగా వచ్చి అడగొచ్చుగా?"

"ఎలా అడగను? మనకి మాటల్లేవు కదా."

"గోడెక్కి కాయ కట్టడానికి సిగ్గులేదు గానీ, 'అక్కా' అనడానికి నోరు రాలేదు."

"నీకొచ్చిందా? పెద్దదానివి."

"...లేదు. నాకూ రాలేదు."

"తప్పు నాదేలే. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీమీద ఎంత బెంగ పెట్టుకున్నానో తెలుసా? గోడవతల నువ్వు దగ్గితే, మందేసుకుందో లేదో అనుకుంటూ పడుకునేదాన్ని."

"చాల్లే. పొద్దున్నే ఏడిపించకు."

"మరి ఆ రంపం మనిషికి ఫోన్ చెయ్యి. బయల్దేరిపోయి ఉంటాడు."

"ఏ మనిషికి?"

"అదేంటక్కా! నిన్న మాట్లాడావు కదా?"

"నిన్న ఫోన్లో చార్జింగే లేదు. నువ్వు గోడవతల ఉన్నావని చూసుకుని, ఉత్త ఫోన్ చెవిన పెట్టుకుని మాట్లాడాను."

"అంటే... నన్ను రప్పించడానికా? ఇది మగ చెట్టని నీకు ముందే తెలుసా?"

"మొదటిసారి పూసినప్పుడే తెలుసు. తెలిసి కూడా, కాయ కాయని చెట్టుకి, నీతో మాటల్లేని ఇన్ని నెలలూ రోజూ బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి ఎవరికోసం పోశాననుకున్నావే, పిచ్చిమొహమా?"