ముక్కుకి కొత్త నంబరు

(అరిజోనాలోని టూసన్ ఊళ్లో ఒక చర్మవ్యాధుల క్లినిక్. బిల్లులు చూసే కార్లిస్, ఆమె ఎదురుగా ముక్కుకి కట్టుతో వెర్నా. ఫోన్ స్పీకర్లో ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి డెల్మర్.)

"అంటే నాకు క్యాన్సరే లేదంటాడా వాడు?"

"ఉందనే అంటున్నారు వెర్నాగారూ. వైద్యమే లేదంటున్నారు."

"నేనలా అనలేదు మేడమ్. ఒక్కో వైద్యానికి ఒక్కో నంబరుంటుంది కదా, మీరు బిల్లుమీద పంపిన ఆ కోడ్ మా కంప్యూటర్లో లేదన్నాను."

"జనవరి నుంచి కోడ్‌లు మారాయి డెల్మర్‌గారూ. చర్మ క్యాన్సర్‌కి రేడియేషన్ ఇస్తే ప్లానింగుకి ఒకటి, కిరణాలు పెట్టినందుకు ఒకటి, అల్ట్రాసౌండ్‌తో చూసినందుకు ఇంకొకటి."

"పోనీ పాత కోడ్‌తో పంపండి."

"పంపాను. అది రద్దయిందని తిప్పికొట్టింది మీరే."

"మరి కొత్తది..."

"కొత్తది ఇంకా పుట్టలేదని కొట్టేసిందీ మీరే!"

"అమ్మాయ్ కార్లిస్, ఆ ఫోనిలా జరుపు. ఏమయ్యా డెల్మర్! ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపాను. నీలాంటి మొండిఘటాల్ని ఎంతమందిని దారికి తెచ్చానో తెలుసా?"

"మేడమ్, ఈ కాల్ రికార్డవుతోంది."

"అవనీ. మీ కంపెనీలో అందరికీ వినిపించు. సగం వైద్యం అయింది. మధ్యలో ఆపితే ఇక కోతేనన్నాడు డాక్టరు. ముక్కు కోసేస్తే కళ్లజోడు ఎక్కడ పెట్టుకోను, నీ నెత్తినా?"

"మీరు అప్పీలు చేసుకోవచ్చు మేడమ్. నెలన్నరలో..."

"నెలన్నరలో అది కంటిదాకా పాకితే? కంటికి వేరే కోడా?"

"వెర్నాగారూ, కాస్త ఆగండి. డెల్మర్‌గారూ, మీ పై ఆఫీసరుకివ్వండి ఫోను."

"ఆయనా ఇదే చెబుతారండీ."

"చెప్పనీండి. లైన్లోనే ఉంటాను. భోజనం ఇక్కడికే తెచ్చుకున్నాను."

"నేనూ ఉంటాను. పాట కూడా పాడతాను. బస్సులో పిల్లలు ఏడిస్తే పాడేదాన్ని. ఇంకా గట్టిగా ఏడ్చేవాళ్లు."

"వద్దు మేడమ్, వద్దు! ...ఒక్క నిమిషం. చేత్తో ఎక్కించే దారి ఒకటుంది. ఎవరూ వాడరు. ఏదీ, ఆ కోడ్‌లు చెప్పండి."

"చెబుతున్నా. నెమ్మదిగా కొట్టండి, ఒక్క అంకె తప్పితే మోకాలికి వైద్యం చేసినట్టవుతుంది..."

"ఆఁ... ఆఁ... ఎక్కింది. ఒప్పుకుంది."

"ఏమంటాడే?"

"ఒప్పుకుందట వెర్నాగారూ! రేపే మళ్లీ మొదలెట్టేద్దాం!"

"నా బంగారు తండ్రీ! ఇందాక తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటాను. ఆ మొండిఘటం ఒక్కటి మాత్రం ఉంచుకో."

"అలాగే మేడమ్... మేడమ్, అది నొప్పెడుతుందా?"

"ఏది, కిరణాలా? అబ్బే, ఏమీ తెలీదు. తర్వాత కాస్త ఎర్రగా మండుతుందంతే. ఎందుకూ?"

"నా చెవి మీదా ఒకటుంది. పోయిన నెల డాక్టరు ఇదే వైద్యం రాశాడు. కోడ్ లేదని కొట్టేశారు."

"అయ్యో, ఎవడు నాయనా ఆ కొట్టేసిన దరిద్రుడు?"

"...నేనే మేడమ్."