తూముకి ఎర్రగుడ్డ

సింగరాయకొండ అవతల ఏ రొయ్యల చెరువుకి వైట్‌స్పాట్ తెగులు సోకినా, ఆ రైతు కాలువ తూముకి ఎర్రగుడ్డ కట్టాలి. అది చూశాక ఆ నీళ్లు ఎవరూ తోడుకోరు.

జక్రయ్య తన చెరువులో చచ్చిన రొయ్యను బావమరిది కాళ్ల ముందు విసిరాడు.

"నీ చెరువుకి జబ్బు ఎప్పుడొచ్చిందిరా?"

"సోమవారం, బావా."

"ఆ నీళ్లు కాలువలోకి వదిలావా?"

"వదిలాను."

"మంగళవారం నేను ఆ కాలువ నీళ్లు తోడుకోడానికి మోటారు వేస్తుంటే, నా ఫ్లాస్కులో టీ తాగుతూ పక్కనే నిలబడ్డావు కదరా!"

"గుడ్డ కడితే నా రొయ్యలు ఎవడూ కొనడని భయపడ్డా."

జక్రయ్య భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి తన చెరువు తూముకి కట్టసాగాడు.

"ఆగు బావా! నీ సరుకూ ఎవడూ కొనడు."

"కొనకపోతే పోనీ. దిగువ చెరువు సఫూరమ్మది. ఆమె ఇంకా మోటారు వేయలేదు."