మేకులు లేని మంచం

కాలేజీ చదువు ముగించి పెట్టే బేడాతో ఇల్లు చేరిన కూతురు కొత్త మంచం మీదికి ఎగిరి కూర్చుంది. మంచం కిర్రుమని ఊగింది. వడ్రంగి నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఊరందరికీ గట్టి మంచాలు చేస్తావు, నాకేమో ఊగేదా నాన్నా?"

"మేకులు కొట్టలేదు. నువ్వు వెళ్ళిపోయేటప్పుడు విప్పడం తేలికని."

"ఎక్కడికి వెళ్తాను? సోమవారం నుంచి మన వీధి చివర పశువుల ఆసుపత్రిలో డాక్టర్ని. ఇదిగో కాగితం."

"నీ కాళ్ళకి చక్రాలున్నాయి. పది రోజులకే విసుగొస్తుంది."

"అమ్మ నమ్మింది. పొద్దుట్నుంచి వంటింట్లో పాడుతూనే ఉంది."

"ఆ పాటకి నా చెవులు చిల్లులు పడ్డాయి."

ఆయన కాగితం లాక్కుని రెండుసార్లు చదివాడు. నవ్వలేదు. మడిచి జాగ్రత్తగా కిటికీలో పెట్టాడు.

"లే. ఆ పక్క ఎత్తు."

"ఇప్పుడా? మేకులు కొనుక్కురావాలిగా, నేను పరిగెత్తుకెళ్ళి తెస్తాను."

ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పిడికెడు మేకులు గలగలమన్నాయి. ఆ బరువుకి జేబు ఎంత సాగిపోయిందో ఆమె అప్పుడు చూసింది.

"పొద్దుట్నుంచీ మోస్తున్నావా నాన్నా?"

"వాగకు. మంచం కోడు పట్టుకో."